గోగునార వూఫరు

శాంతరాజు తప్పు చెయ్యడని ఫిల్మ్‌నగర్‌లో ఒక పేరుండేది. పేరంటే తెరమీద పడే పేరు కాదు. తెరమీద అతని పేరు జనం లేచి చెప్పులు వెతుక్కునే వేళకి, పదిమంది పేర్ల మధ్య ఇరుక్కుని వచ్చేది. ఇది డబ్బింగ్ థియేటర్లలో, మిక్సింగ్ గదుల్లో, టీకొట్ల దగ్గర నోటినోటా తిరిగే పేరు. హీరోగారి గొంతు పీలగా వచ్చిందంటే లోపం మైకుదా గొంతుదా అని తేల్చడానికి శాంతరాజుని పిలిచేవారు. గొంతుదే అయితే గొంతుదేనని హీరోగారి ఎదురుగానే చెప్పేవాడు. అందుకే అతనికి పని ఎప్పుడూ ఉండేది, పైకి రావడం మాత్రం జరగలేదు. ఈ పరిశ్రమ నిజం చెప్పేవాణ్ణి ఉంచుకుంటుంది కానీ పెంచదు.

బాపట్ల దగ్గర ఊరు అతనిది. మద్రాసులో టేపులు చుడుతూ పని నేర్చుకుని, పరిశ్రమ హైదరాబాదుకి సర్దుకున్నప్పుడు తనూ పెట్టె సర్దుకుని వచ్చాడు. వెంగళరావు నగర్‌లో మేడమీద అద్దెవాటా. భార్య ప్రేమకుమారి ప్రైవేటు స్కూల్లో తెలుగు పాఠాలు చెప్పేది. వారమంతా ఊళ్ళోవాళ్ళ గొంతులు సరిచేసి, ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోంచేశాక శాంతరాజు తన సొంత పిచ్చిలో పడేవాడు. ఇంట్లో స్పీకర్లు తయారుచెయ్యడం ఆ పిచ్చి.

కొట్లో కొనుక్కొచ్చి గోడకి తగిలించే స్పీకర్లు కావివి. వడ్రంగి చేత డబ్బా చేయించి, లోపల బిగించే యూనిట్లు, అంటే బేసు పలికే వూఫరు, సన్నధ్వనులు పలికే ట్వీటరు విడివిడిగా తెచ్చుకుని, ఒక్కోదాన్నీ కొలిచి, పక్కదానితో పోల్చి, ఏది ఏ డబ్బాలో ఒదుగుతుందో చూసి బిగించుకునేవి. నగరం మొత్తంలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు గుప్పెడు మంది. ఆ గుప్పెడు మందీ ఆదివారం మధ్యాహ్నం శాంతరాజు ముందుగదిలో ఉండేవారు. ప్రేమకుమారి ఒక పళ్ళెంలో పకోడీలు పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ముందు యూనిట్ ఎదుట కొలత మైకు పెట్టి, అడుగు శ్రుతి నుంచి పైదాకా ఊళలాంటి ధ్వని పంపించేవారు. కంప్యూటరు మీద గీత పడేది, అది ఎంత చదునుగా ఉంటే ధ్వని అంత శుద్ధం. గీత చూశాక చెవుల వంతు. గదికి అడ్డంగా తెల్లదుప్పటి కట్టి, దాని వెనక రెండు డబ్బాలు పెట్టి, ఏది పలుకుతోందో చెప్పకుండా మార్చి మార్చి వినిపించేవారు. అయితే దానికి ముందు రెండింటి మోతనీ మీటరు మీద సమానం చేసి తీరాలి. మనిషి చెవి మహా ఆశపోతు. కాస్త ఎక్కువ మోగినదాన్ని ఎక్కువ మోగిందనదు, బాగుందంటుంది. లోతుందంటుంది, ప్రాణముందంటుంది, కవిత్వం మొదలుపెడుతుంది. కొత్తవాడెవడైనా మోత చూసుకోకుండా రెండు యూనిట్లు పోల్చానని చెబితే శాంతరాజు అతన్ని నిలువునా కడిగేసేవాడు. "దాన్ని పొరపాటు అనరండీ, దొంగతనం అంటారు. ఒకదాని ఘనత తీసి ఇంకోదానికి ఇచ్చారు మీరు" అనేవాడు. పాపం ఆ వచ్చినవాడు పకోడీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు.

ఈ తిట్లన్నీ పక్కన కూర్చుని సంతోషంగా విన్నవాడు వెంకటనర్సయ్య. కరీంనగర్ వైపు మనిషి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు, ఇల్లు మధురానగర్‌లో. మాటకారి, కోపిష్టి, తన తెలివి మీద తనకి బోలెడు గురి ఉన్నవాడు. మిగతావాళ్ళు డబ్బాలు చేస్తే అతను ఏకంగా వూఫర్లే చేసేవాడు. కాగితపు గుజ్జులో గోగునార కలిపి అచ్చులో పోసి, వూఫరులో అదిరి పలికే కోను ఒత్తేవాడు. నార వాళ్ళ ఊరి చేలల్లోది, ఇనుప అచ్చు, చట్రాలు బాలానగర్‌లో పోత పోయించినవి. మొదట్లో అతను తెచ్చిన వూఫరుని కొలిచి శాంతరాజు, "ఇది వూఫరు కాదు నర్సయ్యా, చేట. బియ్యం చెరుక్కోవచ్చు" అన్నాడు. నర్సయ్య మొహం ముడుచుకుని, ఛాయ్ కూడా ముట్టకుండా పోయాడు. ఆ తర్వాతి ఆదివారం ఇంకోటి పట్టుకొచ్చాడు.

అలా ఏళ్ళు గడిచాయి. కోను పగిలింది, జిగురు ఊడింది, లోపలి తీగచుట్ట కాలింది. ఆదివారం తర్వాత ఆదివారం గీతలోని గుంటలు మాత్రం పూడుతూ వచ్చాయి. ఒకనాడు దుప్పటి వెనక నుంచి ఒక వీణ పలికింది. గదిలో అందరూ అదే బాగుందన్నారు, శాంతరాజు కూడా అన్నాడు. దుప్పటి ఎత్తి చూస్తే గోగునారది. శాంతరాజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇక దీన్ని ముట్టుకోకు, నర్సయ్యా" అన్నాడు. అతని నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు. ఆ జతని తన ఇంటి స్పీకర్లలో తనే బిగించుకున్నాడు.

శ్యామలాదేవికి ఆ వూఫర్ల సంగతి చెప్పింది కూడా అతనే. భర్త పోయాక ఆయన స్టూడియోని నడుపుతున్న మనిషి ఆమె. శాంతరాజు పని చేసేది అక్కడే. ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా వరసగా డబ్బింగ్ గదులు కట్టిస్తోంది, ప్రతి గదికీ స్పీకర్లు కావాలి. "డబ్బాలు మనమే చేయించుకుందాం మేడం, లోపలి యూనిట్లకి మా స్నేహితుడివి ఒకసారి వినండి" అన్నాడు శాంతరాజు. "మీరు పక్కన పెట్టి వినిపించండి, మీరు ఏది అంటే అది" అంది ఆమె. టోలిచౌకిలో విదేశీ యూనిట్లు అమ్మే డీలరు తన వూఫర్లు పంపిస్తానన్నాడు. వాటికీ గోగునారకీ పోటీ.

నర్సయ్యకి అది పోటీ కాదు, బతుకు మలుపు. ఆ ఆర్డరు వస్తే కాలేజీకి రాజీనామా ఇచ్చి చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు. రాకముందే బాలానగర్‌లో చట్రాలు కూడా పోయించి పెట్టాడు. వాళ్ళావిడ కౌసల్య ఒకరోజు ఫోన్‌లో శాంతరాజుని అడిగింది.

"అన్నా, ఈయన కొలువు ఇడిశిపెడ్త అంటుండు. నాకు ఆ గీతలు గిట్ల తెల్వయి. గా వూఫరు నిజంగనే మంచిగుంటదా? మీరు ఒక్క మాట చెప్పుండ్రి, నాకు ఫికర్ ఉండది."

"బాగుంటుందమ్మా. నేను కొలిచాను కదా" అన్నాడు శాంతరాజు. ఆమెకి అది చాలింది.

పరీక్షరోజు పొద్దున్నే శాంతరాజు రెండు జతల్నీ కొలిచాడు. గీతలు ఇంచుమించు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మధ్యస్థాయిలో, అంటే మనిషి గొంతు ఉండేచోట, గోగునారది ఒక వెంట్రుకవాసి నయంగానే ఉంది. మీటరు పెట్టి మోత సమానం చేశాడు. దుప్పటి కట్టించాడు. నర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మాట్లాడకుండా ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. అతను మాట్లాడకుండా కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

భోజనాల తర్వాత డీలరు మనిషి డబ్బా జరపబోయి తన వూఫరు ఒకదాని కోనులోకి వేలు దింపేశాడు. లబలబలాడుతూ కారులోంచి ఇంకో జత తెచ్చాడు. "అదే మాడల్ సార్, సీల్ కూడా తియ్యలేదు" అన్నాడు. శాంతరాజు అట్టపెట్టె మీద పేరు చూశాడు. అదే పేరు. బిగిస్తుండగానే మేడం కారు గేటు దాకా వచ్చిందని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఆమెకి ఆ తర్వాత ఇంకెక్కడో మీటింగు. అదే కంపెనీ, అదే మాడల్, పొద్దున మోత చూసే ఉంచానుకదా అనుకున్నాడు శాంతరాజు. మళ్ళీ మీటరు పెట్టలేదు. ఆరాధనలో ఆమెన్ అనడం మర్చిపోతే మర్చిపోయేవాడేమో గానీ ఇది మర్చిపోయే మనిషి కాదు. అయినా పెట్టలేదు.

శ్యామలాదేవి, ఆమె మేనేజరు, ఇంకో ఇద్దరు వచ్చి దుప్పటి ఎదురుగా కూర్చున్నారు. ఒక డైలాగు, ఒక వీణ, మళ్ళీ ఆ డైలాగు. "రెండోది ఓపెన్‌గా ఉందండీ" అంది ఆమె. మేనేజరు అవునన్నాడు, మేడం అన్నాక ఆయన కాదన్న రోజు లేదు. "మీ మాటేంటి శాంతరాజు గారూ?" అని అడిగిందామె. శాంతరాజు ఇవతలికి వచ్చి ఆమె పక్కన కూర్చుని విన్నాడు. డీలరు మనిషి స్విచ్చి మార్చాడు. రెండోదానిలో ఏదో ప్రాణం ఉన్నట్టే తోచింది. గదిలో అందరూ తన మొహంవైపే చూస్తున్నారు. స్నేహితుడి పక్షాన మాట్లాడతాడా లేదా అని చూస్తున్నారని అతనికి తెలుసు. స్నేహితుడని కూడా చూడలేదు అనిపించుకోవాలన్న కోరిక చెవికంటే ముందే తయారై కూర్చుంది. ఇన్నేళ్ళూ అతన్ని బతికించిన పేరే అది.

"రెండోదే మేడం. మొదటిది కొంచెం ముక్కుతో పలుకుతోంది" అన్నాడు.

నర్సయ్య వాదించలేదు. చిన్న గీత వంపు మీద సాయంత్రందాకా పోట్లాడే మనిషి, లేచి దుప్పటి వెనక్కి వెళ్ళి, తన వూఫర్లు విప్పుకుంటూ కాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత వాటిని గోనెసంచుల్లో చుట్టుకుని ఆటో ఎక్కాడు. శాంతరాజు అప్పటికి మేడంని కారుదాకా సాగనంపుతున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అతను కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు. "స్నేహం వేరు, పని వేరు. ఉన్నది చెప్పాను."

"నర్సయ్యగారు ఏమన్నారండీ?" అంది ప్రేమకుమారి.

"ఏమంటాడు, తెలిసినవాడు."

నర్సయ్య ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే కౌసల్య ఎత్తి, పడుకున్నాడనో, ఊరికి పోయాడనో చెప్పేది. ఆమె గొంతులో అన్నా అన్న పిలుపు పోయింది. అలకలే అనుకున్నాడు శాంతరాజు. ఎన్ని అలకలు చూడలేదు, చేట అన్న రోజు మాత్రం అలగలేదా.

వానాకాలం వెళ్ళాక మొదటి గది తయారైంది. ఆర్డరు పెట్టిన విదేశీ వూఫర్లు వచ్చాయి, డబ్బాల్లో బిగించారు. శాంతరాజు వీణ పెట్టుకుని విన్నాడు. ఆ రోజున్న ప్రాణం లేదు. కొలిచాడు, గీత చక్కగా ఉంది. మరి ప్రాణం ఎటు పోయింది? పరీక్షనాటి జత ఇంకా అలమరలోనే పడి ఉంది, డీలరు తీసుకుపోలేదు. దాన్ని తెచ్చి పక్కన పెట్టి మీటరు చూస్తే ముల్లు రెండు డెసిబెల్స్ పైకి లేచింది. వూఫరుని వెనక్కి తిప్పి చీటీ చూశాడు. కొత్తవి ఎనిమిది ఓమ్‌లవి, పరీక్షరోజు మధ్యాహ్నం వచ్చినవి నాలుగు ఓమ్‌లవి. పేరు ఒకటే, చివరి అంకె వేరు. ఆంప్లిఫయరు ఒకలాగే తోసినా నాలుగు ఓమ్‌లది ఎక్కువ లాక్కుని ఎక్కువ మోగుతుంది. మొదటి ఏడాది కుర్రవాడికి చెప్పే పాఠం అది.

ఆ రాత్రి శాంతరాజు ప్రేమకుమారికి తప్పంతా చెప్పి, రేపు నర్సయ్య దగ్గరికి వెళ్తానన్నాడు. మర్నాడు ఇంటి నుంచి తన గోగునార జత విప్పి తెచ్చి, మోత సమానం చేసి, దుప్పటి కట్టి, ఆ దారిన పోతున్న డబ్బింగ్ ఆర్టిస్టుల్ని పిలిచి వినిపించాడు. అందరూ గోగునారనే చూపించారు. అతనూ విన్నాడు. ముక్కూ లేదు, ఏమీ లేదు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంది. ఇన్నేళ్ళ శ్రమ తీసుకొచ్చి తన చేతిలో పెడితే, తాను దాన్ని రెండు డెసిబెల్స్‌కి తన్నేశాడు. 

తిన్నగా జూబ్లీహిల్స్‌లో శ్యామలాదేవి ఇంటికి వెళ్ళి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని నవ్వింది. "దానికేముందండీ, గదులు మొదలైపోయాయి. వినబడుతున్నాయి కదా."

"మిగతా గదులకైనా అతనివి తీసుకోండి మేడం. తప్పు నాది."

"అన్ని గదులూ ఒకేలా ఉండాలని మీరే కదండీ చెప్పింది. అయినా ఇంత చిన్నదానికి వచ్చి చెప్పారే, మీలాంటివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు" అంది. కాఫీ ఇప్పించింది. శాంతరాజు కాఫీ అలాగే వదిలేసి లేచాడు. ఆ మెప్పు చెంపదెబ్బకంటే నొప్పిగా ఉంది.

అక్కడ నుంచి మధురానగర్ వెళ్ళాడు. కౌసల్య తలుపు తీసి, రమ్మని అనకుండా పక్కకి జరిగింది. వెనక వరండాలో కోనులు ఒత్తే అచ్చు లేదు. పాత సామానువాడికి వేసేశాడట. బాలానగర్ చట్రాల్ని గోడవారగా పేర్చి వాటిమీద పూలకుండీలు పెట్టారు. నర్సయ్య కుర్చీలో కూర్చుని పరీక్షపేపర్లు దిద్దుతున్నాడు. ఉద్యోగం మానలేదు మరి. శాంతరాజు నిలబడే చెప్పాడు, చీటీ సంగతీ, మీటరు సంగతీ, మేడం దగ్గరికి వెళ్ళిన సంగతీ. నర్సయ్య ఎర్రపెన్ను మూత పెట్టాడు.

"గా దినమే చూసిన, రాజన్నా."

"ఏం చూశావు?"

"అట్టపెట్టె మీద చీటీ, నాలుగు ఓమ్‌లని. నావి ఇప్పుతుంటే కండ్ల ముంగటనే ఉండె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వే చెప్తవని చూసిన. దుప్పటి ఎనక జరసేపు గట్లనే కూసున్న. రాజన్న వస్తడు, మళ్ళ మీటరు పెడ్తడు, మేడంను వాపసు పిలుస్తడు అనుకున్న. నువ్వు ఆమెతోని నవ్వుకుంట బయటికి పోయినవ్."

"దేవుడి తోడు నర్సయ్యా, నాకు తెలియదు. అదే మాడల్ అన్నాడు, నమ్మాను. తొందరలో మర్చిపోయాను."

నర్సయ్య తల అడ్డంగా ఊపాడు. "మర్చిపోయినవా? నువ్వా? ఇన్నేండ్ల సంది నీ ముంగట కూసున్న. ఊపిరి తీసుడన్న మరుస్తవు గని మీటరు మరువవ్. నీ తాన ఒక్కసారన్న తప్పు చూసిన్నా నేను?"

"నేనూ మనిషినే కదయ్యా."

"గా మాట నువ్వు ఎన్నడు అనలే. మాతోని ఎన్నడు అననియ్యలే."

 నర్సయ్య పేపర్లు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, చిన్నపిల్లాణ్ణి బుజ్జగిస్తున్నట్టు మాట్లాడాడు.

"రాజన్నా, ఒక్కటి అడుగుత. డీలరు నీకేమన్న ఇచ్చిండా? ఇచ్చిండంటే చెప్పు, నాకు కోపం లేదు. ఇంట్ల ఏం అవసరం పడ్డదో, ఎవలకు బాగలేకుండెనో. మనిషికి అవసరాలు వస్తయి. గది నాకు సమజైతది. ఎవ్వలకు చెప్ప. గని మర్చిపోయిన అని మాత్రం అనకు. గది నేను ఇనలేను."

అతని కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. శాంతరాజుకి అప్పుడు తెలిసివచ్చింది. లంచానికి పోయిందంటే నర్సయ్య వూఫరుకి ఒకడు భయపడి, దాన్ని ఓడించడానికి ఖర్చు పెట్టినట్టు. మరుపులో పోయిందంటే దాని కోసం ఎవరూ ఏమీ చెయ్యనట్టు. వరండా, గుజ్జు, అచ్చు, ఏళ్ళకేళ్ళు, అన్నీ ఉత్తపుణ్యానికి పోయినట్టు. అది మింగమంటే ఏ మనిషి మింగుతాడు? నర్సయ్య ఈ నెలలన్నీ ఆ లంచం మీదే నిలబడి బతికాడు. అది కూడా తీసేసుకుంటే ఇతనికి ఏం మిగులుతుంది, తనకి ఇతను ఎక్కడ మిగులుతాడు?

గుమ్మంలో కౌసల్య నిలబడి చూస్తోంది. కొలిచాను కదమ్మా అని తాను మాట ఇచ్చింది ఈమెకే.

"అవును నర్సయ్యా. ఇచ్చాడు" అన్నాడు శాంతరాజు.

నర్సయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బిగుసుకుని ఉన్న భుజాలు సడలాయి. "గంతే కదా" అన్నాడు. "గా ముక్క అప్పుడే చెప్తే అయిపోతుండె. కౌసల్యా, రాజన్నకు ఛాయ్ పెట్టు."

ఛాయ్ వచ్చింది. కౌసల్య కప్పు చేతికివ్వకుండా స్టూలు మీద పెట్టి వెళ్ళింది. నర్సయ్య మాత్రం పాతరోజుల్లోలాగే వాగాడు, ప్రిన్సిపాల్‌ని తిట్టాడు, పిల్లల జవాబులు చదివి వినిపించి నవ్వాడు. ఈ ఆదివారం వస్తానన్నాడు. దొంగని ఇంట్లో కూర్చోబెట్టుకుని ఇంత ప్రేమగా చూసుకునే మనిషి ఇంకొకడు ఉండడు. శాంతరాజు తల ఊపుతూ, ఛాయ్ చివరిచుక్కదాకా తాగాడు. ధ్వని విషయంలో అతను జన్మలో ఆడిన మొదటి అబద్ధం అది, అదీ తన మీద తానే ఆడుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రేమకుమారి గుమ్మంలోనే ఉంది. స్కూలు నుంచి వచ్చినప్పటినుంచీ ప్రార్థన చేస్తూ కూర్చుంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"నమ్మారా ఆయన?"

"నమ్మాడు" అన్నాడు శాంతరాజు, చెప్పులు విప్పుతూ.

ప్రేమకుమారి దేవుడికి స్తోత్రం చెప్పి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.